గుణుపురంలో కాఫీ గది, గోడకు సవర చిత్రాలు: ఎవరి కాఫీ వారే పోసుకునే ఏర్పాటు ఎలా?

వంశధార_గట్టు
ఒడిశాలోని గుణుపురం మెయిన్ రోడ్డుకి ఒక సందు లోపల షాపు గది దొరికింది. వెడల్పు 12 అడుగులు, లోతు 28. షట్టరు పడమర ముఖం. వెనకాల చిన్న వంటగది, బోరు నీళ్లు, సింగిల్ ఫేజ్ కరెంటు. సర్వర్లు ఉండరు. డబ్బు కట్టి గ్లాసు తీసుకుని ఎవరి కాఫీ వారు పోసుకోవాలి. గోడలకి పుట్టాసింగి వైపు సవర గిరిజనుల చిత్రాలు, కొన్ని కోట్‌పాడ్ నేత గుడ్డలు, పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు, అన్నీ అమ్మకానికే. రోజుకి 100 కాఫీలు లెక్క, ఎక్కువగా కాలేజీ పిల్లలు. కాపలాకీ కడగడానికీ కలిపి ఒక్క మనిషే. యంత్రం ఏది కొనాలి, బొమ్మలు ఎలా తగిలించాలి, చిత్రకారులతో లెక్క ఎలా పెట్టుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

డికాషన్_దొర
యంత్రం సంగతి ఆఖరున. ముందు ఏ కాఫీయో తేల్చుకోండి. ప్రీమిక్స్ పొడి యంత్రం కొంటే పని సులువే, మీట నొక్కితే వస్తుంది. కానీ ఆ కాఫీ కోసం సందులోకి ఎవరూ రారు, బస్టాండులోనే తాగేస్తారు. ఎస్ప్రెస్సో యంత్రం జనం చేతికి ఇవ్వడం జరిగే పని కాదు. మిగిలింది డికాషన్, వేడి పాలు. రెండు కుళాయిలు చాలు.

లెక్క ఇది. 100 గ్రాముల పొడికి 600 మి.లీ. నీళ్లు పోస్తే పొడి 200 దాకా పీల్చుకుని 400 మి.లీ. డికాషన్ దిగుతుంది. గ్లాసుకి 30 మి.లీ. డికాషన్, 70 మి.లీ. పాలు. అంటే 100 గ్లాసులకి 3 లీటర్ల డికాషన్, 750 గ్రాముల పొడి, 4.5 లీటర్ల నీళ్లు. పాలు 7 లీటర్లు కావాలి, ఆవిరికీ అడుగంటినదానికీ ఇంకో అర లీటరు. ఇదంతా పొద్దున్నే ఒకేసారి దించొద్దు. 250 గ్రాముల చొప్పున మూడు విడతలు. డికాషన్ దిగిన రెండు గంటలకి వాసన పోతుంది, ఆ తర్వాత చేదు ఒక్కటే మిగులుతుంది.

దిగిన డికాషన్ ఫ్లాస్కులోకి పోవాలి, పొయ్యి మీదకి కాదు. మళ్లీ వేడి చేసిన డికాషన్ కషాయమే. చల్లారనిచ్చినా ఇబ్బందే: 28 డిగ్రీల డికాషన్ 30 మి.లీ.లో 70 డిగ్రీల పాలు 70 మి.లీ. కలిపితే గ్లాసులో 57 డిగ్రీలే. స్టీలు గ్లాసు ఇంకో మూడు నాలుగు లాగేస్తుంది. "కాఫీ చల్లగా ఉంది" అనే మాట ఎక్కువగా ఇక్కడినుంచే వస్తుంది, జనం పాలని తిడతారు.

కొరాపుట్_గింజ
పొడి గురించి నాలుగు మాటలు. పక్క జిల్లాలోనే అరబికా పండుతుంది, దాన్ని వదిలి ఎక్కడినుంచో డబ్బా పొడి తెప్పించకండి. కొరాపుట్‌లో కాఫీ 1930లో అక్కడి జయపురం మహారాజు నాటించినదని చెబుతారు. ఇప్పుడు ఒడిశా ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ టీడీసీసీఓఎల్ 'కొరాపుట్ కాఫీ' పేరుతో అమ్ముతోంది.

ఒక చిక్కు ఉంది. ఒట్టి అరబికాని మధ్యరకంగా వేయించి పాలల్లో పోస్తే పలచగా అనిపిస్తుంది, పాలు మింగేస్తాయి. పాల కాఫీకి కాస్త ముదురుగా వేయించిన గింజ, 15 నుంచి 20 శాతం చికోరీ (వేయించిన వేరు పొడి). నల్ల కాఫీకి చికోరీ అసలొద్దు, మధ్యరకంగా వేయించిన గింజ చాలు. చికోరీ ఎంత కలిపారో బోర్డు మీద రాసేయండి. కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్నది ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం, మీరు దానికి చాలా పైనే ఉంటారు.

వేయించిన గింజ వారం ఆగితే లోపలి గాలి పోయి డికాషన్ నిలకడగా దిగుతుంది. నెల దాటితే పనికిరాదు. వానాకాలంలో డబ్బా మూత తీసి వదిలేస్తే రెండు రోజుల్లో పొడి ముద్ద కడుతుంది, ఫిల్టరులో నీళ్లు దిగవు. పొడి మరీ సన్నగా ఆడించారేమోనని అనుమానించే ముందు డబ్బా చూడండి.

నల్ల కాఫీకి లీటరు నీళ్లకి 60 గ్రాములు, పొడి కొంచెం బరకగా, నీళ్లు 92 నుంచి 96 డిగ్రీలు. దానికి వేరే ఫ్లాస్కు. గుణుపురంలో మరిగే నీళ్లు ఇంచుమించు 100 డిగ్రీలే కాబట్టి మరిగాక అర నిమిషం ఆపి పోయాలి. ఇదే షాపు కొరాపుట్ ఊళ్లో పెడితే ఆపక్కర్లేదు. అక్కడ ఎత్తు 900 మీటర్లకి దగ్గర, నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి.

పాలకుండ
దొరగారి లెక్కకి పాల వైపు కలుపుతాను, ఎందుకంటే ఇలాంటి షాపు చెడేది పాల దగ్గరే.

నేరుగా మంట తగిలే పాత్రకి కుళాయి పెట్టొద్దు. చుట్టూ నీటి తొట్టె ఉండి మధ్యలో పాలు ఉండే రకం కొనండి, 5 లీటర్లది సరిపోతుంది. పాలు ముందు లోపల పొయ్యి మీద పొంగించి, తర్వాత ఇందులో 3 లీటర్లే పోయాలి. వేడి 65 డిగ్రీలకి తగ్గకూడదు: తగ్గితే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. 80 దాటితే రంగు మారి కోవా వాసన వేస్తుంది. మధ్యలో 70 దగ్గర ఉంచండి. మూడు గంటలు దాటిన పాలు మళ్లీ వాడొద్దు, కొత్త పాలలో అసలు కలపొద్దు.

మీగడ కట్టి కుళాయి మూసుకుపోవడం తప్పని తలనొప్పి. పోసేముందు పాలు వడకట్టండి, మూత పెట్టి ఉంచండి. రోజూ రాత్రి కుళాయి విప్పి లోపలి రబ్బరు వాషరు తీసి సోడా కలిపిన వేడి నీళ్లలో కడగాలి, వారానికోసారి నిమ్మ ఉప్పు నీళ్లతో. విప్పకుండా పైనుంచి నీళ్లు పోసి "కడిగాం" అనుకుంటే వాషరు వెనక మిగిలిన పాలే మర్నాడు పొద్దున్న కొత్త పాలని విరిచేస్తాయి.

టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీములో 6. ఇంత చికోరీ డికాషన్‌కి రెండూ సగం సగం బాగుంటాయి. బెల్లం పెడదామని కొత్త ఫ్యాషన్ ఒకటి వచ్చింది. బెల్లంలో పులుపు ఉంటుంది, మరిగే పాలు విరుగుతాయి. పెట్టాలనుకుంటే పానకం చేసి డికాషన్‌లో కలపమని చీటీ అంటించండి. చక్కెర గిన్నె తెరిచి పెట్టారో, చీమలు కూడా స్వయంగా వడ్డించుకుంటాయి.

సిటీబస్
టీ ఉండదా? ఒడిశాలో కాఫీ ఒక్కటే అంటే నష్టమే కదా?

డికాషన్_దొర
మూడో కుళాయి పెట్టకండి. కాచిన టీ గంట దాటి నిలవదు. వేడి నీళ్ల ఫ్లాస్కు, టీ సంచులు ఉంచండి, అడిగేవాళ్లకి అదే చాలు.

మెయిన్_స్విచ్
కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. నీళ్లు కాచే 3 కిలోవాట్ల పాత్ర 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. పాల తొట్టె 2 కిలోవాట్లు. రెండూ కలిసి ఒక్క ప్లగ్గు మీద పడితే ప్లగ్గు నల్లబడుతుంది. ఒక్కోదానికి వేరే లైను, 4 చదరపు మి.మీ. రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), 16 ఆంపియర్ల ప్లగ్గు. తడి చేతులతో పదిమంది ముట్టుకునే చోటు కాబట్టి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, దానితోపాటు మంచి ఎర్తింగు. దీన్లో బేరం లేదు.

వేసవి సాయంత్రాలు వోల్టేజి 180కి దిగిందనుకోండి, 3 కిలోవాట్ల పాత్ర 1.84 కిలోవాట్లే ఇస్తుంది. వోల్టేజి ఎంత తగ్గితే వేడి అంతే తగ్గదు, వర్గం లెక్కన పడిపోతుంది. 10 లీటర్ల నీళ్లు 25 నుంచి 95 డిగ్రీలకి రావడానికి మామూలుగా 16 నిమిషాలు, అప్పుడు 26. పాత్ర పాడైందని మెకానిక్కుని పిలవకండి, మీటరు పెట్టి చూడండి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద దీపాలు, ఫ్యాను, క్యూఆర్ సౌండ్ బాక్సు మాత్రమే. 3 లీటర్ల ఫ్లాస్కులు రెండు నింపి ఉంటే గంటన్నర గడిచిపోతుంది.

ఫ్రేము_పని
గ్యాసు పొయ్యి హాల్లోకి రానివ్వకండి. కిలో గ్యాసు మండితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది, పాత్రలోంచి లేచే ఆవిరి దీనికి అదనం. అది నేరుగా గుడ్డలోకీ కాగితంలోకీ పోతుంది. పొయ్యి వెనక వంటగదిలో, దాని పైన బయటికి లాగే 9 అంగుళాల ఫ్యాను, వంటగదికి తలుపు.

ఇక గోడ. రెండు వైపులా బొమ్మలు పెడదామనుకుంటారు, వద్దు. 12 అడుగుల వెడల్పులో రెండు వైపులా బల్లలు వేస్తే కూర్చున్నవాళ్ల నూనె తలలు ఫ్రేములకి ఆనతాయి. ఒక గోడ బొమ్మలకి, ఎదుటి గోడ బల్లలకీ కాఫీ గట్టుకీ. ఏ గోడ? వాన కొట్టే బయటి గోడ కాదు, పక్క షాపుతో కలిసిన లోపలి గోడ. అరచెయ్యి పెడితే చల్లగా, సున్నం పొట్టు రాలుతూ ఉంటే అది చెమ్మ గోడ, దానికి బొమ్మ తగిలించొద్దు.

షట్టరు నుంచి మొదటి 6 అడుగులు వదిలేయండి. పడమటెండ సాయంత్రం నాలుగు నుంచి సూటిగా కొడుతుంది. వెనక 4 అడుగులు వంటగది ఆవిరికి వదలండి. మిగిలేది 18 అడుగులు. 60 సెం.మీ. ఫ్రేములు, మధ్యలో 30 సెం.మీ. ఖాళీ వదిలితే ఆరు పడతాయి. ఆరే పెట్టండి. ఇరవై బొమ్మలు ఇరికిస్తే అది బజారు కొట్టు, కాఫీ తాగేవాడు ఒక్కదాన్నీ నిలబడి చూడడు. ఆరువారాలకోసారి మార్చండి.

గోడకి బెజ్జాలు కొట్టే పని లేకుండా 8 అడుగుల ఎత్తున ఒక ఇనుప పట్టీ బిగించి, దానినుంచి స్టీలు తీగలు దించి తగిలించండి. బొమ్మ నడిమధ్య నేలనుంచి 145 సెం.మీ.లో ఉండాలి, అడుగు అంచు మీటరు పైన. కాఫీ చిమ్మినా ఆ ఎత్తుకి అరుదుగా వస్తుంది. ఫ్రేము వెనక కింది మూలలకి సెంటీమీటరు మందం కార్కు ముక్కలు అంటిస్తే వెనక గాలి ఆడుతుంది. ఇది చెయ్యని ఫ్రేములకే ఆగస్టులో బూజు.

వంశధార_గట్టు
ఫ్రేములకి అద్దం వేయాలా, అక్రిలిక్ షీటా? అక్రిలిక్ తేలిక అన్నారు.

ఫ్రేము_పని
తేలికే. 60×90 సెం.మీ. ఫ్రేముకి 4 మి.మీ. అద్దం 5.4 కిలోలు, 3 మి.మీ. అక్రిలిక్ 2 కిలోల లోపు. కానీ మట్టి రంగు, బియ్యప్పిండి రంగు వేసిన బొమ్మలకి అక్రిలిక్ వద్దు. తుడిచినప్పుడల్లా దానికి విద్యుదావేశం పుట్టి, పట్టు లేని రంగు పొడిని కాగితం మీదనుంచి పైకి లాగేస్తుంది. కొన్నాళ్లకి బొమ్మ సగం షీటుకే అంటుకుంటుంది. అలాంటివాటికి అద్దమే. అద్దం బొమ్మకి తగలకుండా 4 మి.మీ. మౌంటు (అంచు అట్ట) పెట్టాలి. క్యాన్వాసు మీద అక్రిలిక్ రంగులతో వేసినవైతే ఏ మూతా అక్కర్లేదు.

పిండి, చింతగింజ జిగురు ఉన్న ప్రతిదానికీ వెండి పురుగు (సిల్వర్ ఫిష్) వస్తుంది. పదిహేను రోజులకోసారి ఫ్రేము తిప్పి వెనక చూడండి. అంచుల్లో కొరికిన గీతలుంటే ఆ ఫ్రేము వెంటనే వేరు చేయాలి. పక్కదానికి పాకడానికి ఎన్నాళ్లో పట్టదు.

దీపాలు: సీఆర్ఐ (రంగుల్ని ఉన్నవున్నట్టు చూపే కొలత) 90 పైన ఉన్న ఎల్‌ఈడీలు, పైనుంచి 30 డిగ్రీల వాలులో. కాగితం మీదా సహజ రంగుల గుడ్డ మీదా వెలుతురు 50 లక్సు దాటకూడదు, క్యాన్వాసుకి 200. కోట్‌పాడ్ గుడ్డ ఎరుపు ఆల్ చెట్టు వేరునుంచి వచ్చింది, వెలుతురుకి వెలుస్తుంది. ఫోన్లో లక్సు యాపులు ఉజ్జాయింపే, అయినా ఏమీ కొలవకపోవడం కన్నా నయం.

ఎర్రమన్ను
అందరూ రంగు, తేమ అంటున్నారు. ఆ బొమ్మ ఏమిటో కూడా చూడాలి. సవరవాళ్ల ఇడితాల్ అలంకారానికి పుట్టింది కాదు. ఇంటి లోపలి గోడకి ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి తెలుపుతో, చీల్చిన వెదురు పుల్లతో, దేవతలకీ పితృదేవతలకీ చోటుగా వేసేది. ముందు అంచు గీసి లోపలికి నింపుకుంటూ వస్తారు. గుడ్డ మీదా కాగితం మీదా అమ్మకానికి వేసేవి ఆ రూపాల మీద ఆధారపడ్డ వేరే పని, అవి తగిలించడంలో తప్పేం లేదు. వార్లీ అని రాయకండి, అది మహారాష్ట్రది. చూడ్డానికి దగ్గరగా ఉండి చాలామంది కలిపేస్తారు. లాంజియా సవర చిత్రకళకి 2024 జనవరిలో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. కోట్‌పాడ్ నేతకి 2005లోనే ఉంది.

మరుగుదొడ్డి తలుపు మీదా కాళ్లు తుడుచుకునే పట్ట మీదా ఆ బొమ్మలు అచ్చు వేయించకండి. కాగితపు కప్పుల మీద వేయించాలన్నా చిత్రకారుడి రాతపూర్వక అనుమతి కావాలి. బొమ్మ కొన్నంత మాత్రాన కాపీ హక్కు కొన్నట్టు కాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కు రాసి ఇస్తేనే బదిలీ.

లెక్కల_పుస్తకం
డబ్బు సంగతి. సాధారణంగా షాపుకి 25, 30 శాతం అంటారు. కానీ ఆ శాతం ఏ మొత్తం మీద అన్నది ముందే రాసుకోండి. 2,000 రూపాయల బొమ్మలో 700 ఫ్రేము ఖర్చు ఉందనుకుందాం, చిత్రకారుడే పెట్టుకున్నాడు. 2,000 మీద 30 శాతం తీస్తే షాపుకి 600, అతనికి 1,400, ఫ్రేము పోగా 700. ముందు ఫ్రేము తీసి 1,300 మీద 30 శాతం అయితే షాపుకి 390, అతనికి 910. రెండోది న్యాయం. ఫ్రేములు మీవే ఉంచి బొమ్మ ఒక్కటే మార్చుకుంటే ఈ గొడవే ఉండదు.

బొమ్మ తీసుకున్న రోజే ఫొటోతో సహా రెండు కాపీల చీటీ: పేరు, ఊరు, కొలత, ధర, ఉన్న మరకలు, ఎప్పటిదాకా, అమ్ముడైన ఎన్ని రోజుల్లో డబ్బు. కాఫీ పడినా దొంగిలించినా బాధ్యత షాపుదే అని రాయండి. షాపు బీమాలో ఇతరుల సరుకు అమ్మకానికి మీ దగ్గర ఉన్నట్టు ప్రత్యేకంగా చేర్పించాలి. చేర్పించకపోతే నిప్పంటుకున్న రోజు మీ సరుకుకే డబ్బొస్తుంది.

ఎర్రమన్ను
లెక్క బాగుంది, కానీ పుట్టాసింగి నుంచి బస్సులో వచ్చి బొమ్మ పెట్టి, అమ్ముడైందా అని మళ్లీ మళ్లీ తిరగమనడం ఏం న్యాయం? చిన్నవాటిని, 500 లోపువి, రొక్కం ఇచ్చి కొనేయండి. పెద్దవాటికే కమిషను పద్ధతి.

లెక్కల_పుస్తకం
ఒప్పుకుంటాను. చేతిలో డబ్బు మెలిగేంత మేరకు అదే మేలు. కాఫీ బిల్లు, బొమ్మ బిల్లు మాత్రం వేరే పుస్తకాల్లో ఉంచండి. రెంటికీ పన్ను లెక్క ఒకటి కాదు.

డికాషన్_దొర
ఇక కాఫీకి డబ్బు ఎలా అన్నది. హుండీ పెట్టి "మీ ఇష్టం" అనొద్దు. కుళాయిల దగ్గర డబ్బు అడగడమూ వద్దు, వరస ఆగిపోతుంది. గ్లాసు దగ్గర అడగండి. షట్టరు పక్కన కాపలా మనిషి బల్ల, గ్లాసులన్నీ అతని దగ్గరే. యూపీఐ మోగితే గ్లాసు చేతికి. గ్లాసు లేకుండా ఎవరూ పోసుకోలేరు, సాయంత్రం లెక్క కడిగిన గ్లాసులతో సరిపోల్చుకోవచ్చు. మీకు 100 కాఫీలకి 60 గ్లాసులు ఉంటే సరి.

నల్ల కాఫీకి రంగు వేరే గ్లాసు ఇవ్వండి. పాల గ్లాసు 120 మి.లీ. దాటనివ్వకండి. పెద్ద గ్లాసు ఇస్తే నింపుకుంటారు, అది వాళ్ల తప్పు కాదు. డికాషన్ కుళాయి కిందనే 30 మి.లీ. గీత ఉన్న చిన్న స్టీలు కొలపాత్ర గొలుసుతో కట్టండి. గీత లేకపోతే సగం మంది సగం గ్లాసు డికాషన్ పోసి "చేదు" అని పారబోస్తారు.

గట్టు మీద వరస ఎడమనుంచి కుడికి: డికాషన్, పాలు, చక్కెర, కలిపే పుల్ల, చెత్త. గట్టు ఎత్తు 85 సెం.మీ., కుళాయి మూతికీ గట్టుకీ మధ్య 12 సెం.మీ. అంతకన్నా ఎత్తుంటే చిమ్ముతుంది. కింద జల్లెడ పళ్లెం. ప్లాస్టిక్ పుల్లలు 2022 జులై 1 నుంచి నిషేధం, చెక్కవి కొనండి.

పాలకుండ
కడగడం: మూడు తొట్లు. సబ్బు నీళ్లు, మంచి నీళ్లు, చివర క్లోరిన్ 50 పీపీఎం నీళ్లు ఒక నిమిషం. ఆ తర్వాత గుడ్డతో తుడవొద్దు, జల్లెడ మీద బోర్లించండి. గుడ్డే మురికి.

బోరు నీళ్లు గట్టివైతే పాత్రలో తెల్లని పొర కడుతుంది, కాచే సమయం పెరుగుతుంది. లీటరుకి 20 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి వేడి చేసి అరగంట ఉంచి పారబోయండి. ఒట్టి ఆర్‌ఓ నీళ్లు వాడినా కాఫీ చప్పగా దిగుతుంది. బోరు నీళ్లు కొంచెం కలిపి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 150 దగ్గరకి తెచ్చుకోండి.

వంశధార_గట్టు
అందరికీ నమస్కారం. మార్చిన లెక్క ఇది: ఎడమ గోడ పక్క షాపుతో కలిసింది, పొడిగా ఉంది, దానికి ఆరు బొమ్మలు. కుడి గోడకి బల్లలు, వెనక చివర గట్టు. 5 లీటర్ల పాల తొట్టె, ఫిల్టర్లు రెండు, 3 లీటర్ల ఫ్లాస్కులు మూడు. షట్టరు దగ్గర ఎడమ గోడకి వదిలిన 6 అడుగుల్లో కొమ్ము బొమ్మల అద్దాల పెట్టె, లోపల దీపం. ఒక గోడ మీద సవర చిత్రకారులతోనే నేరుగా వేయిద్దామని కూడా ఉంది.

ఎర్రమన్ను
నేరుగా గోడ మీద వద్దు. అద్దె గది, ఖాళీ చేస్తే బొమ్మ పోతుంది. నీళ్లకి తట్టుకునే 12 మి.మీ. ప్లైవుడ్ పలక మీద ఎర్రమన్ను పూత వేసి వేయించండి, రంగులో జిగురు కలపమనండి, లేకపోతే పొట్టు రాలుతుంది.

ఫ్రేము_పని
కొమ్ము బొమ్మల పెట్టె అక్కడ వద్దు. పడమటెండకి పెట్టె లోపల వేడెక్కి కొమ్ము వంకర తిరుగుతుంది, పగులుతుంది. దీపం కూడా పెట్టె లోపల కాకుండా బయట పైన ఉండాలి. ఆ 6 అడుగుల్లో చెప్పుల స్టాండు, గ్లాసుల బల్ల పెట్టండి. పెట్టెని కుడి గోడకి, రెండో బల్ల తర్వాత పెట్టుకోండి.

మెయిన్_స్విచ్
వెనక చివర గట్టు అంటున్నారు, మీటరు షట్టరు దగ్గరుంటే 28 అడుగుల తీగ. 2.5 చ.మి.మీ. చాలు అని ఎలక్ట్రీషియను అంటాడు. 4 అనే చెప్పండి.